కాయిల్ మాగ్నెట్‌ను ఎంత బలంగా లాగుతుందో, నెడుతుందో ఇంట్లో కాటా మీద తూచడం ఎలా?

మేకు చుట్టూ రాగి తీగ చుట్టి, బ్యాటరీ తగిలించి గుండుసూదులు లేపడం బడిలో చాలామంది చేసిందే. చిక్కు ఆ తర్వాతి అడుగులో వస్తుంది. తీగలు తిరగేసి కలిపితే ధ్రువాలు మారతాయి కాబట్టి ఇప్పుడు మాగ్నెట్‌ను నెట్టాలి అనుకుని ఒక చిన్న నియోడైమియం మాగ్నెట్ బిళ్ళను దగ్గరికి తెస్తాం. అది నెట్టదు, టక్కున మేకుకి అతుక్కుంటుంది. తీగలు మళ్ళీ మార్చినా అతుక్కుంటుంది. బ్యాటరీ పూర్తిగా తీసేసినా వదలదు. బ్యాటరీ చాలలేదేమోనని ఇంకో వంద చుట్లు చుట్టేవాళ్ళు ఉంటారు. కాయిల్‌లో లోపం ఏమీ లేదు. అక్కడ బిళ్ళను పట్టుకున్నది కరెంటు కాదు, మేకులోని ఇనుము.

కాయిల్ చూపే బలం ఒకటి, మధ్యలో ఉన్న ఇనుము వల్ల వచ్చే బలం ఇంకొకటి. రెండూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి చేతికి ఒక్కటిగానే తెలుస్తాయి. వాటిని విడదీసి గ్రాముల్లో చూడటానికి డిజిటల్ కాటా, ఒక కాయిల్ చాలు. కింద చెప్పిన పద్ధతిలో చేస్తే ఏది ఎంత అన్నది అంకెల్లో కనిపిస్తుంది.

ముందు ఒక జాగ్రత్త. చిన్న నియోడైమియం మాగ్నెట్లను పసిపిల్లలకు అందనివ్వకండి. రెండు బిళ్ళలు మింగితే పేగు గోడలకు అటూ ఇటూ చేరి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రంధ్రం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వీటికి దూరంగా ఉండాలి.

కావలసినవి

28 గేజ్ ఎనామిల్ రాగి వైరు 50 గ్రాములు. బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు రీవైండింగ్ చేసే షాపులో తూకం లెక్కన ఇస్తారు. మనకు పట్టేది 28 గ్రాముల దాకానే, మిగిలింది ఉంచుకోండి. ఇంటి వైరింగ్‌కి వాడే 20 ఎంఎం పీవీసీ పైపు ముక్క 5 సెంటీమీటర్లు. 10 ఎంఎం వ్యాసం, 5 ఎంఎం మందం ఉన్న నియోడైమియం బిళ్ళ ఒకటి. 12 ఎంఎం ఇనుప బోల్టు, సుమారు 6 సెంటీమీటర్ల పొడవుది, దాని నట్టుతో సహా. బోల్టు ఇనుముదే కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు అయితే మాగ్నెట్ అంటదు, ప్రయోగం అక్కడే ఆగిపోతుంది.

కరెంటు కోసం 5 వోల్టులు, 2 ఆంపియర్ల పాత మొబైల్ చార్జర్, వెడల్పు పిన్ను ఉన్న మామూలు యూఎస్‌బీ కేబుల్ తీసుకోండి. రెండు చివరలా టైప్-సి ఉన్న కేబుల్ పనికిరాదు. అవతల ఫోన్ ఉందని గుర్తిస్తేనే ఆ చార్జర్ కరెంటు వదులుతుంది, కాయిల్‌ను అది ఫోన్‌గా లెక్కచేయదు. వీటితో పాటు కాలింగ్ బెల్ బటన్ ఒకటి, 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) ఒకటి, 4.7 ఓమ్‌లు 5 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి, మల్టీమీటర్ కావాలి.

కాటా విషయంలో పిసినారితనం వద్దు. వంటింటి కాటాలు ఎక్కువగా ఒక గ్రాము మార్పునే చూపిస్తాయి. 500 గ్రాముల దాకా తూచి 0.1 గ్రాము తేడా చూపే చిన్న పాకెట్ కాటా తెచ్చుకుంటే దీనికీ పనికొస్తుంది, తర్వాత దేనికైనా పనికొస్తుంది.

కాయిల్ చుట్టడం

పైపు ముక్క మీద 3 సెంటీమీటర్ల ఎడంతో రెండు అట్ట చక్రాలు ఎక్కించి ఫెవిక్విక్‌తో బిగించండి. ఒక చక్రం పైపు చివరకు సమానంగా ఉండాలి, రేపు మాగ్నెట్‌కు ఎదురుగా ఉండేది ఆ చివరే. మొదట 20 సెంటీమీటర్ల తీగ బయటకు వదిలి, రెండు చక్రాల మధ్య 400 చుట్లు చుట్టండి. అన్నీ ఒకే వైపుకి తిరగాలి. ఒక వరుస అయ్యాక వెనక్కి వచ్చేటప్పుడు కూడా తిప్పే దిశ మారకూడదు. వరుసకి దాదాపు 70 చుట్లు పడతాయి, కాబట్టి ఆరు వరుసలు కావాలి. ప్రతి 50 చుట్లకి కాగితం మీద ఒక గీత పెట్టుకోండి. మధ్యలో ఫోన్ వస్తే లెక్క పోతుంది. పది చుట్లు అటూ ఇటూ అయితే పర్వాలేదు.

చివర్లో ఇంకో 20 సెంటీమీటర్లు వదిలి టేపు వేయండి. బయటి రెండు కొసల మీది ఎనామిల్‌ను ఉప్పుకాగితంతో పూర్తిగా గీకేయండి, ఎర్రగా మెరిసే రాగి చుట్టూరా కనిపించాలి. కాయిల్ పనిచేయలేదని చెప్పేవాళ్ళ దగ్గర నేను మొదట చూసేది ఈ కొసల్నే. ఎనామిల్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి గీకకపోయినా గీకినట్టే కనిపిస్తుంది. 1825లో విలియం స్టర్జన్ మొదటి ఎలక్ట్రోమాగ్నెట్ చూపించినప్పుడు తీగకు పూత లేదు. ఇనుముకు వార్నిష్ పూసి, తీగను ఎడం ఎడంగా పద్దెనిమిది చుట్లు చుట్టాడు. ఆ తర్వాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు గుడ్డ చుట్టి, చుట్టు మీద చుట్టు వేసే వీలు కల్పించాక బలం అమాంతం పెరిగింది. ఆ పట్టు చేసిన పనే ఇప్పుడు ఎనామిల్ చేస్తోంది.

మల్టీమీటర్‌తో కాయిల్ నిరోధం చూడండి. లెక్క ప్రకారం సుమారు 4.4 ఓమ్‌లు రావాలి. మీటరు ప్రోబులు రెండూ తాకించినప్పుడు చూపించే 0.2, 0.3 తీసేసి 4కీ 5కీ మధ్య ఉంటే బాగున్నట్టే. అంతకంటే బాగా తక్కువ ఉంటే ఎక్కడో పూత గీసుకుపోయి చుట్లు ఒకదానికొకటి తాకుతున్నాయి.

కరెంటు కలపడం

కేబుల్ కోసి ఎర్ర, నల్ల తీగలు మాత్రం ఉంచుకోండి. ఎర్ర తీగలో బెల్ బటన్ పెట్టండి. బటన్ దాటాక, ఎర్ర నల్ల తీగల మధ్య డయోడ్ కలపండి, దాని తెల్ల గీత ఉన్న కొస ఎర్ర తీగ వైపు ఉండాలి. ఇది తిరగబడితే బటన్ నొక్కగానే చార్జర్ షార్ట్ అవుతుంది, రెండోసారి చూసుకోండి. దాని తర్వాత కాయిల్. కరెంటు ఆపగానే కాయిల్‌లో ఎదురు వోల్టేజీ ఎగిసి బటన్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది, ఆ దెబ్బను డయోడ్ తీసుకుంటుంది. కాయిల్ తీగలు తిరగేయాలన్నప్పుడు డయోడ్‌ను ముట్టుకోకండి, డయోడ్ తర్వాత ఉన్న కాయిల్ కొసలనే మార్చండి. అదీ బటన్ వదిలాకే.

మామూలు స్విచ్ బదులు బెల్ బటన్ ఎందుకంటే, వేలు తీస్తే ఆగిపోతుంది. ఈ కాయిల్ ఐదు వాట్లు తింటుంది. అందులో ఉన్న రాగి 28 గ్రాములే కాబట్టి రెండు సెకన్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. నిమిషం నొక్కి ఉంచితే ముప్పై డిగ్రీల దాకా పెరుగుతుంది. రాగి వేడెక్కితే నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది, కరెంటు ఆ మేరకు పడిపోతుంది. మీ అంకెలు మెల్లగా జారిపోతుంటే కాటాను అనుమానించకండి, కాయిల్ మీద చెయ్యి పెట్టి చూడండి. పది సెకన్లకు మించి నొక్కవద్దు, రెండు కొలతల మధ్య చల్లారనివ్వండి.

మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, కాయిల్‌కు వరుసలో కలిపితే ఒక ఆంపియర్ చుట్టుపక్కల చూపిస్తుంది. పని అయ్యాక ప్రోబును మళ్ళీ వోల్టుల సాకెట్‌లోకి మార్చడం మరచిపోవద్దు. ఆంపియర్ల సాకెట్‌లోనే ఉంచి ఎక్కడైనా వోల్టులు చూడబోతే నేరుగా షార్ట్ చేసినట్టే.

కాటా అమర్చడం

చెక్క బల్ల లేదా గ్రానైట్ గట్టు మీద చేయండి. స్టీలు టేబుల్, ఇనుప బీరువా పక్కన వద్దు. కాటా లోపలి స్క్రూలు, సెన్సరు కూడా మాగ్నెట్‌కు దగ్గరగా ఉండకూడదు. అందుకని 10 సెంటీమీటర్ల ఎత్తున్న ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక నింపి, మొత్తం 400 గ్రాములు వచ్చేలా చేసి కాటా మీద పెట్టండి. మూత నడిమధ్యన బిళ్ళను పడుకోబెట్టి గట్టిగా టేపు వేయండి. వికర్షణ మొదలైతే టేపు లేని బిళ్ళ ఊరుకోదు, పల్టీ కొట్టి రెండో ముఖం చూపించి ఎగిరి అతుక్కుంటుంది. నిలకడగా ఉన్న మాగ్నెట్ల బలాలతోనే ఒక మాగ్నెట్‌ను గాల్లో స్థిరంగా నిలపలేమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే లెక్క కట్టి చూపించాడు. ఆ పల్టీ దాని ఫలితమే.

డబ్బాకు రెండు వైపులా పుస్తకాల దొంతరలు పెట్టి, వాటి మీద చెక్క బద్ద అడ్డంగా వేసి, దానికి కాయిల్‌ను నిలువుగా కట్టండి. చుట్లు ఉన్న చివర కిందికి, బిళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఎత్తు మార్చడానికి బద్ద కింద రెండు వైపులా ఒకే మందం ఉన్న అట్టలు పెంచుతూ తగ్గిస్తూ పోవచ్చు. దూరాన్ని కాయిల్ కింది అంచు నుంచి బిళ్ళ మధ్య వరకు లెక్కపెట్టండి, అంటే బిళ్ళ పై ముఖం దాకా స్కేలుతో కొలిచి 2.5 ఎంఎం కలపండి.

టేర్ బటన్ నొక్కి కాటాను సున్నా చేయండి. ఇక అంకెలు ఇలా చదవాలి: కాయిల్ బిళ్ళను పైకి లాగితే డబ్బా తేలికవుతుంది, కాటా మైనస్ చూపిస్తుంది. నెడితే ప్లస్. న్యూటన్లలో కావాలంటే గ్రాములను 0.0098తో హెచ్చించండి, 100 గ్రాములంటే దాదాపు ఒక న్యూటన్.

అసలు కొలతకు ముందు ఒక ఖాళీ పరీక్ష తప్పనిసరి. బిళ్ళను తీసేసి దూరంగా పెట్టి బటన్ నొక్కండి. కాటా కదలకూడదు. కదిలితే కాయిల్ కాటానే కదిలిస్తోందన్నమాట, డబ్బా ఇంకా ఎత్తు పెంచాలి. ఇది చేయకుండా రాసుకున్న అంకెలకు విలువ లేదు.

మొదట ఇనుము లేకుండా

పైపు ఖాళీగా ఉంచి, బిళ్ళకు 10 ఎంఎం దూరంలో కాయిల్ పెట్టి బటన్ నొక్కండి. ప్లస్ వచ్చిందా మైనస్ వచ్చిందా చూసి, మైనస్ ఇచ్చిన అమరికలో ఎర్ర తీగకు కలిసిన కాయిల్ కొసకు ఒక గుర్తు పెట్టండి. ఏది ఉత్తరం, ఏది దక్షిణం అని కుడిచేతి నియమంతో కుస్తీ పట్టాల్సిన పని లేదు, లాగేది ఏదో నెట్టేది ఏదో కాటాయే చెబుతుంది.

ఇప్పుడు కొసలు తిరగేయండి. అంకె అంతే, గుర్తు మాత్రం మారాలి. మైనస్ 11 వచ్చిన చోట ప్లస్ 11. ఇనుము లేని కాయిల్‌కి లాగడం, నెట్టడం రెండూ సమానమే.

ఇదే కాయిల్, ఇదే బిళ్ళ, ఒక ఆంపియర్ కరెంటుకు సూత్రం వేసి లెక్కిస్తే బలం సుమారుగా ఇలా వస్తుంది: 5 ఎంఎం దూరంలో 21 గ్రాములు, 10 ఎంఎం దగ్గర 11, 20 ఎంఎం దగ్గర 3, 30 ఎంఎం దగ్గర 1, 40 ఎంఎం దగ్గర అర గ్రాము కూడా ఉండదు. మీ బిళ్ళ గ్రేడు, మీ చేతి చుట్టుడు బట్టి ఇరవై ముప్పై శాతం తేడా రావచ్చు. తగ్గే తీరు మాత్రం ఇలాగే ఉండాలి.

ఆ తీరును కాస్త చూడండి. 10 నుంచి 20కి దూరం రెట్టింపయితే బలం దాదాపు నాలుగో వంతయింది. సరే, బడిలో చదివిన వర్గ విలోమ నియమమే అనిపిస్తుంది. కానీ 20 నుంచి 40కి వెళ్తే నాలుగో వంతు కాదు, ఏడో వంతుకు పడిపోయింది. ఇంకా దూరం పోతే రెట్టింపు దూరానికి పదహారో వంతు వైపు నడుస్తుంది. మాగ్నెట్‌కి రెండు ధ్రువాలుంటాయి. ఒకదాన్ని లాగుతుంటే రెండోదాన్ని నెడుతుంది, మిగిలిన తేడాయే మనకు అందే బలం. దూరం పెరిగేకొద్దీ రెండు ధ్రువాలూ కాయిల్‌కు దాదాపు ఒకే దూరంలో ఉన్నట్టు అయిపోతాయి, తేడా కరిగిపోతుంది. మాగ్నెట్‌తో దూరం నుంచి ఏదైనా కదిలించాలన్న ప్లాన్లు ఎక్కువగా ఇక్కడే కూలిపోతాయి. చుట్లు పెంచడం కన్నా రెండు మిల్లీమీటర్లు దగ్గరికి జరపడం లాభం.

దగ్గరికి అన్నాం కదా అని కాయిల్ లోపలికే తోసేస్తే ఇంకా బలం వస్తుందనుకోకండి. కాయిల్ నడిమధ్యన అయస్కాంత క్షేత్రం ఎక్కువే, అయితే అక్కడ అది అటూ ఇటూ ఒకేలా ఉంటుంది. రెండు ధ్రువాల మీదా సమానమైన, ఎదురెదురు బలాలు పడి సున్నా అవుతుంది. క్షేత్రం ఎక్కడ వేగంగా మారుతుందో అక్కడ బలం ఉంటుంది, ఆ చోటు కాయిల్ మూతి.

తర్వాత 4.7 ఓమ్‌ల రెసిస్టర్‌ను వరుసలో కలపండి. కరెంటు దాదాపు సగమవుతుంది, సరిగ్గా ఎంతో మీటరులో చూడండి. అదే దూరంలో తూస్తే గ్రాములు కూడా సగమే ఉంటాయి. కరెంటు ఎంత మారితే బలం అంతే మారుతుంది. ఈ అంకెను ఒక పక్కన రాసి ఉంచండి, నట్టు దగ్గరికి వెళ్ళాక దీనితో పని ఉంది.

లౌడ్‌స్పీకర్‌లో జరిగేది ఇదే. ఫెర్రైట్ మాగ్నెట్ సందులో ఇనుము లేని చిన్న కాయిల్ ఉంటుంది. కరెంటు ఎంత, ఏ వైపు వస్తే అది అంత, ఆ వైపు కదులుతుంది. అందుకే పాట పాటలా వినిపిస్తుంది.

ఇప్పుడు బోల్టు

రెసిస్టర్ తీసేయండి. బోల్టుకు టేపు చుట్టి పైపులో బిగుతుగా పట్టేలా చేసి, తల పైకి ఉంచి, దాని కొసను కాయిల్ కింది అంచుకు సమానంగా తీసుకురండి. ఇక్కడ తొందరపడకండి. దూరం నుంచి దగ్గరికి రావాలి, దగ్గర నుంచి దూరం పోకూడదు. ఈ సైజు బిళ్ళ ఇనుముకు పూర్తిగా ఆనితే కిలోకు పైగా బరువు పట్టి ఉంచగలదు, మీ 400 గ్రాముల డబ్బాను కాటా మీద నుంచి లేపేస్తుంది.

బోల్టు లేకుండా సున్నా చేసిన కాటాను మళ్ళీ సున్నా చేయకండి. బోల్టు పెట్టగానే, బటన్ ముట్టకుండానే కాటా మైనస్ చూపిస్తుంది. మొదట్లో చెప్పిన మేకు సంగతి ఇదే. బిళ్ళ తన ఎదురుగా ఉన్న ఇనుమును మాగ్నెట్‌గా మార్చేస్తుంది, అదీ ఎప్పుడూ తనకు వ్యతిరేక ధ్రువం వచ్చేలా. బిళ్ళను తిరగేసి పెట్టినా అంతే.

ప్రతి దూరంలో మూడు అంకెలు రాయండి: కరెంటు లేనప్పుడు, లాగే దిశలో నొక్కినప్పుడు, నెట్టే దిశలో నొక్కినప్పుడు. ఉదాహరణకు కరెంటు లేనప్పుడు మైనస్ 20, లాగే దిశలో మైనస్ 60 వచ్చిందనుకోండి, అప్పుడు నెట్టే దిశలో ప్లస్ 20 రావాలి. రెండు దిశల అంకెల సగటు కరెంటు లేనప్పటి అంకెకు సమానం కావాలి. సగటు ఇనుము వాటా. ఆ సగటు నుంచి అటూ ఇటూ ఉన్న తేడా కాయిల్ వాటా. మొదటి నుంచీ మనం విడదీయాలనుకున్నవి ఈ రెండే.

కాయిల్ వాటాను బోల్టు లేనప్పటి అంకెతో పోల్చండి, కొన్ని రెట్లు పెరిగి ఉంటుంది. ఇనుము కాయిల్ క్షేత్రాన్ని పోగుచేసి కొస దగ్గర వదులుతుంది. కాబట్టి బోల్టు చెడ్డదేమీ కాదు, కాయిల్‌కు బలం ఇస్తుంది, దాంతో పాటు తన సొంత ఆకర్షణనూ తగిలిస్తుంది.

సగటు సరిగ్గా కుదరకపోతే బోల్టును అనుమానించండి. కరెంటు ఆపాక కూడా దానిలో కొంత అయస్కాంతత్వం మిగిలిపోతుంది, ముందు ఏ దిశలో నొక్కారో దాన్ని బట్టి కరెంటు లేనప్పటి అంకె కొంచెం మారుతుంది. తల మీద 8.8 అని ఉన్న గట్టి బోల్టుల్లో ఇది ఎక్కువ, మామూలు మెత్తటి ఇనుము బోల్టుల్లో తక్కువ.

నెట్టడం మొదలయ్యే దూరం

ఇప్పుడు నెట్టే దిశలోనే కలిపి, 20 ఎంఎం నుంచి ఒక్కో అట్ట తీస్తూ కిందికి రండి. ప్రతి చోటా బటన్ నొక్కి చూడండి. మొదట ప్లస్ పెరుగుతుంది. ఒక దూరం దాటాక తగ్గడం మొదలవుతుంది. ఇంకా దగ్గరికి వస్తే, బిళ్ళ ముఖానికీ బోల్టుకీ మధ్య కొన్ని మిల్లీమీటర్లే ఉన్నప్పుడు, ఒక చోట సున్నా వస్తుంది. దాని లోపలికి వస్తే నెట్టే కరెంటు పారుతున్నా కాటా మైనస్సే చూపిస్తుంది.

కారణం, రెండు వాటాలూ ఒకే వేగంతో పెరగవు. దగ్గరయ్యేకొద్దీ కాయిల్ వాటా పెరుగుతుంది, ఇనుము వాటా దానికంటే చాలా నిటారుగా పెరుగుతుంది. సున్నా గీతకు బయట కాయిల్‌ది పైచేయి, లోపల ఇనుముది పైచేయి. చేత్తో బిళ్ళను తీసుకెళ్ళి మేకుకు ఆనించేవాళ్ళు ఎప్పుడూ గీత లోపలే ఉంటారు, అందుకే వాళ్ళకు వికర్షణ ఎన్నడూ కనిపించదు.

ఈ దూరాన్ని కచ్చితంగా రాసి పెట్టుకోండి. మాగ్నెట్‌ను నెట్టే బొమ్మ, లోలకాన్ని ఊపే కాయిల్, చిన్న మోటారు ఏది చేయాలన్నా మాగ్నెట్ ఈ గీత బయటే తిరగాలి. లేదా కరెంటు పెంచి గీతను లోపలికి జరపాలి. లేదా ఇనుము తీసేసి, తక్కువ బలంతో సరిపెట్టుకోవాలి. ఒక ఆంపియర్‌తో నడిచే చిన్న పనులకు నేనైతే ఇనుము తీసేయమనే చెబుతాను. లెక్క సులువు, దారి మధ్యలో అతుక్కుపోయే బెడద ఉండదు.

పెద్ద మోటార్లలో ఇనుము లేకుండా కుదరదు. ఇంట్లో పాడైన బీఎల్‌డీసీ ఫ్యాన్ ఉంటే, కరెంటు లేకుండా చేత్తో మెల్లగా తిప్పి చూడండి. సాఫీగా తిరగకుండా చిన్న చిన్న కుదుపులు తగిలే అవకాశం ఎక్కువ. తిరిగే భాగం రోటర్‌లోని మాగ్నెట్లు, కదలని భాగం స్టేటర్ ఇనుప పళ్ళను ఒక్కొక్కటిగా పట్టి వదులుతున్నాయి. మీ కాటా మీద బటన్ నొక్కకుండా వచ్చిన మైనస్ అంకె, ఈ కుదుపు ఒకే జాతివి. ఇంజనీర్లు దీన్ని కాగింగ్ అంటారు. పళ్ళను కొంచెం ఏటవాలుగా పేర్చి, పళ్ళ సంఖ్యనూ మాగ్నెట్ల సంఖ్యనూ సరిపోని జంటగా ఎంచుకుని దాన్ని తగ్గిస్తారు.

మాగ్నెట్ బదులు నట్టు

బిళ్ళ తీసేసి దాని చోట ఆ బోల్టు నట్టునే టేపుతో అంటించండి. బోల్టు కాయిల్‌లోనే ఉండనివ్వండి, కాటాను కొత్తగా సున్నా చేయండి. బటన్ నొక్కండి, మైనస్. కొసలు తిరగేసి నొక్కండి, మళ్ళీ మైనస్, దాదాపు అదే అంకె. నెట్టడం అన్న మాటే లేదు.

రెసిస్టర్ కలిపి కరెంటు సగం చేయండి. మాగ్నెట్‌కు బలం సగమైందని రాసి పెట్టుకున్నాం. నట్టుకు సగం కాదు, నాలుగో వంతుకు పడుతుంది. నట్టుకు సొంత అయస్కాంతత్వం లేదు, దానికి ఉన్నదంతా కాయిల్ ఇచ్చిందే. కరెంటు సగమైతే కాయిల్ క్షేత్రం సగం, నట్టులో పుట్టే అయస్కాంతత్వమూ సగం, రెండూ కలిసి నాలుగో వంతు. దిశ మారితే రెండూ కలిసే తిరగబడతాయి కాబట్టి ఆకర్షణ అలాగే ఉంటుంది.

బోరు మోటారు స్టార్టర్ పెట్టెలో కాంటాక్టర్ చేసే గుంయ్ శబ్దం దీనివల్లే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఊపుకి రెండు సార్లు కాయిల్ ఇనుమును లాగుతుంది కాబట్టి సెకనుకు 100 లాగుళ్ళు. ఆ మధ్యలో పట్టు జారకుండా ఇనుము ముఖం మీద ఒక రాగి చుట్టు బిగిస్తారు. అది విరిగితే కాంటాక్టర్ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది.

వదిలేసే కొక్కెం

ఇన్ని అంకెలు రాశాక వాటితో ఒక వస్తువు చేయవచ్చు: కరెంటు లేనప్పుడు బరువును పట్టుకుని ఉండి, బటన్ నొక్కితే వదిలేసే కొక్కెం. మామూలు ఎలక్ట్రోమాగ్నెట్ దీనికి సరిగ్గా తలకిందులు, కరెంటు పోతే బరువు జారవిడుస్తుంది. బరువులెత్తే కొన్ని మాగ్నెట్లను ఫ్యాక్టరీల్లో మనం చేయబోయే తరహాలోనే, పర్మనెంట్ మాగ్నెట్‌కు కాయిల్ జోడించి చేయడానికి కారణం ఆ భయమే.

కాటా, డబ్బా పక్కన పెట్టండి. బిళ్ళ కింది ముఖానికి దారం టేపుతో అంటించి, దారానికి ఒక రబ్బరు ముక్క కట్టండి. ఇనుప వస్తువు కట్టవద్దు. బోల్టు కొస కింద 5 ఎంఎం మందం వచ్చేలా అట్టలు అంటించి, బిళ్ళను వాటికి ఆనించండి. అట్టల మీదుగా ఇనుము దాన్ని పట్టుకుంటుంది. నెట్టే దిశలో కలిపి బటన్ నొక్కండి. పడకపోతే మీరు సున్నా గీతకు లోపల ఉన్నారు, ఒక అట్ట పెంచండి. బటన్ ముట్టకుండానే పడిపోతే ఒక అట్ట తీయండి, లేదా రబ్బరు ముక్క చిన్నది చేయండి. పడ్డ బిళ్ళ గాల్లో పల్టీ కొట్టి మళ్ళీ పైకి ఎగిరి అతుక్కుంటే, దారాన్ని పొట్టిగా చేసి బరువును బిళ్ళకు దగ్గరగా కట్టండి. కింద గుడ్డ పరచండి. నియోడైమియం గాజులా పెళుసు, గచ్చు మీద పడితే అంచులు రాలిపోతాయి.